నెమ్మదిగా పెట్టవే

బల్ల మీద రెండు చేతులూ ఆనించి, వేళ్ళు చాచి, చిటికెన వేలు పక్కవాళ్ళ చిటికెన వేలికి తగిలేలా పెట్టమన్నారు. పెట్టాడు. కుడిపక్క మరదలి వేలు, చల్లగా, సన్నగా. ఎడమపక్క టెలిగ్రాం మామ్మ వేలు, వెచ్చగా, బరువుగా, పని తెలిసిన వేలు. మధ్యాహ్నం మూడయింది. బయట ఎండ దంచుతోంది. డాక్టరు మేడగదిలో మాత్రం మందపాటి తెరలు దించి సాయంత్రం చేశారు. చనిపోయినవాళ్ళకు వెలుతురు పడదట. ఎందుకు పడదో ఎవరూ చెప్పలేదు. అతని భార్యకు వెలుతురు లేకపోతేనే పడేది కాదు. ముప్పై ఏళ్ళు కిటికీ పక్కనే కూర్చుని పుస్తకాలు కుట్టింది, ఎండ జరిగినకొద్దీ పీట జరుపుకుంటూ. మబ్బు పట్టిన రోజు మొగుణ్ణి తిట్టేది, మబ్బు అతను తెచ్చినట్టు. అటువంటి మనిషి ఈ చీకటి గదిలోకి వస్తుందా, వచ్చినా ముందు తెర తీయమనదా. బల్లకు మూడు కాళ్ళు, అందులో ఒకటి పొట్టి. కూర్చోగానే చూశాడు. కింద అట్టముక్క ఒకటి దోపితే సరిపోతుంది, రెండు నిమిషాల పని. ఎవరూ చెయ్యలేదు. బల్ల కదలకుండా నిలబడితే ఇక చనిపోయినవాళ్ళు దేన్ని తడతారు.

మామ్మ కళ్ళు మూసుకుని ఊపిరి గట్టిగా తీస్తోంది. తంతి ఆఫీసు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఎవరి కబుర్లో ఎవరికో టిక్కుటిక్కుమని కొట్టి పంపింది, ఫలానావారు పోయారు, వెంటనే బయలుదేరండి, అని. ఉద్యోగం అయిపోయాక పోయినవాళ్ళ దగ్గర్నుంచే కబుర్లు తెస్తోంది. ఒక చప్పుడైతే అవును, రెండైతే కాదు, పెద్ద కబురైతే మామ్మ నోటితోనే చెబుతుంది. దొంగ మనిషిలా లేదు. అదే అతనికి చిరాకు. దొంగయితే మెడ పట్టుకోవచ్చు. ఈమె వచ్చేటప్పుడు మెట్ల మీద ఆగి, మోకాళ్ళు పట్టుకుని, "ఈ మెట్లెక్కడానికే నాకు ప్రాణం పోతోంది నాయనా, పైనున్నవాళ్ళు ఎలా దిగుతారో" అని తన మాటకు తనే నవ్వింది. కిటికీ దగ్గర మనసు డాక్టరు కాగితాలు సర్దుకుని కూర్చున్నాడు. తెర సందులోంచి వచ్చే సన్నటి వెలుగుగీత ఆయన కలం మీదే పడుతోంది. పిచ్చాసుపత్రిలో పాతికేళ్ళు పనిచేసి, ఇప్పుడు మనిషి పోయాక మనసు ఎక్కడికి పోతుందో అని పుస్తకం రాస్తున్నాడు. ఆఖరి అధ్యాయానికి ఒక సాక్షి తక్కువయ్యాడు. ఆ సాక్షి ఇతనే. కాగితం ముందే రాసి పెట్టాడు. ఈ రోజున ఈ గదిలో మాట్లాడినది నా భార్యేనని నేను గుర్తుపట్టాను, అని. కింద సంతకానికి చోటు. ఎంత చోటు వదిలాడో అది కూడా ఇతను చూశాడు. కాగితం మీద వదిలిన ఖాళీ అతని కళ్ళకు ముందు ఆనుతుంది.

ఈ గది గోడ నిండా అతను అట్టలు వేసిన పుస్తకాలే. ముప్పై ఒకటి. వందేళ్ళ కిందటివి, ఇంకా పాతవి, వెన్ను విరిగి, కాగితం పండుటాకులా పెళుసెక్కి, పట్టుకుంటే పొడి రాలేవి. మనసు గురించి మొదట మొదట రాసినవాళ్ళు, దెయ్యాల గురించి రాసినవాళ్ళు అప్పుడు వేరువేరు కాదట, ఒకటే గుంపట. ఒకాయన నిద్రలో నడిచే పనిమనిషి వెనకాల నెల రోజులు దీపం పట్టుకుని తిరిగి లెక్కగా రాశాడు. ఇంకొకాయన ఆత్మలను పిలిచే ఆడమనిషి కాళ్ళను దారంతో కుర్చీకి కట్టి, ముడి మీద లక్క ముద్ర వేశాడు. ఆ రోజు ఆత్మలు రాలేదు. రాలేదని కూడా నిజాయితీగా రాసుకున్నాడు. అతను ఊరి బడిలో ఐదో తరగతి వరకే చదివాడు. కాని ఫారాలు, అంటే మడత పెట్టిన పేజీల కట్టలు, వరస తప్పకుండా చూడాలంటే ప్రతి పేజీ తలా తోకా చదవాలి. అలా చదివి చదివి అతనికి ముప్పై ఒక్క పుస్తకాలు సగం సగం తెలుసు. కాగితాలు మడిచి ఫారాలు చేసి కుట్టడం ఆమె పని, అట్ట కట్టడం అతని పని. సాయంత్రం చేతులు కడుక్కుంటూ చదివింది చెప్పేవాడు. ఆమె దారానికి మైనం పట్టిస్తూ వినేది. ఒక రోజు బల్ల తట్టే ఆత్మల సంగతి చెబితే సూది ఆపి చూసింది. "అంత దూరం నుంచి వచ్చి బల్ల తట్టడమేంటయ్యా, పనీ పాటా లేక. నేనొస్తే బల్ల జోలికి పోను. నిన్నే తడతాను." అని మళ్ళీ కుట్టుకుంది. అన్నదంటే తడుతుంది కూడా. ఎనిమిది నెలలుగా వీపు అప్పగించి కూర్చున్నాడు. రాలేదు.

టక్.

మరదలి వేలు ఎగిరిపడింది. అతని మోకాళ్ళు వాటంతట అవే లేవబోయాయి, కష్టం మీద కూర్చోబెట్టాడు. చప్పుడు వినపడితే లేవడం, ఎనిమిది నెలలుగా ఇదే వరస. పక్కింట్లో చెంబు పడినా, మేడ మీద పిల్లి దూకినా, వీధిలో బండి దించినా చేతిలో పని చేతిలో వదిలి వెళ్ళి చూస్తాడు. జిగురు రాసిన గుడ్డలు ఎన్ని ఎండి పాడయ్యాయో. ముసలాడికి చాదస్తం పట్టుకుందని వీధిలో అనుకుంటారు. అనుకోనీ. ఎందుకు లేస్తాడో ఒక్కడికే తెలుసు, ఇంకొకరికి చెప్పలేదు. టక్, మళ్ళీ. ఇది బల్ల పొట్టికాలు. నేల మీద చెక్క. ఎవరి మోకాలో, ఎవరి మడమో అతనికి అనవసరం. "వచ్చావా అక్కా?" అంది మరదలు. టక్. "వచ్చింది బావా." ఏడుపు, సంతోషం కలిసిన గొంతు. పెళ్ళినాటికి ఈమెకు తొమ్మిదేళ్ళు, బావ వేళ్ళకు జిగురు వాసన అని పక్కన కూర్చునేది కాదు. ఇప్పుడు నలభై దాటాయి, ఇద్దరికీ ఒకరికొకరు తప్ప ఎవరూ లేరు. అతనికి పిల్లలు లేరు, ఆమెకు మొగుడు లేడు. అక్క పోయిన దగ్గర్నుంచి తిండి సరిగా లేదు, నిద్ర లేదు. వారం వారం వచ్చి గడపలో కూర్చుని ఒకటే మాట. ఆఖరి క్షణంలో అక్క ఒంటరిగా పోయింది బావా, ఎవరూ లేకుండా పోయింది. ఒక్కసారి రా బావా, ఒక్కసారి అక్క నోటితో బాగానే ఉన్నానంటే చాలు, ఇంక అడగను. ఆ ఒంటరిగా అన్న మాట దగ్గర అతను ప్రతిసారీ లేచి వెళ్ళి జిగురు గిన్నె కడిగేవాడు. కడిగిన గిన్నెనే కడిగేవాడు.

ఒంటరిగా ఎక్కడ పోయింది. మధ్యన ఒక గోడ, గోడకు ఒక గుమ్మం, గుమ్మానికి ఒక పాత దుప్పటి తెర. అంతే దూరం. ముందు గదిలో ఆమె, వెనక గదిలో అతను. ప్రెస్సు నుంచి వచ్చిన కాగితాల కట్టలు ఆమె అరుగు మీంచి ఎత్తి నేల మీద దించుకునేది, రోజుకు ఇరవైసార్లు, ధబ్ ధబ్ అని. మూలలు నలుగుతాయని అతను ఇరవైసార్లు అరిచేవాడు. నీ మూలలు నువ్వే కాపలా కాసుకో అని ఆమె ఇరవైసార్లు అనేది. అదే వాళ్ళ సంసారం, ఇంకొకరు వింటే పోట్లాట అనుకుంటారు. అంతకు ముందురోజు నిజంగానే పోట్లాట అయింది. డాక్టరు ఇచ్చిన పుస్తకాల్లోనే, ముప్పై రెండో దాంట్లో, ఒక ఫారం తలకిందులుగా కుట్టింది. చూపు తగ్గిందే నీకు, అన్నాడు. అనకుండా ఉండాల్సింది. చూపు అన్న మాట ఆమె భరించేది కాదు. రాత్రంతా మాట్లాడలేదు, పొద్దున మాట్లాడలేదు, గ్లాసు మాత్రం ధడేల్మని పెట్టింది. పదకొండు గంటలకు ధబ్‌మని చప్పుడయింది. పెద్ద కట్ట చప్పుడు. జిగురు పూసిన గుడ్డ అతని చేతిలో ఉంది. "నెమ్మదిగా పెట్టవే, మూలలు నలుగుతాయి" అని అరిచాడు. జవాబు లేదు. ఇంకా అలకే అనుకున్నాడు. జిగురు ఆగదు, పూశాక అట్ట మీద పరిచి, అంచులు మడిచి, ఎముకబద్దతో నొక్కెయ్యాలి, లేకపోతే ఎండి ముడతలు పడుతుంది. నొక్కాడు. రెండోది పూశాడు. మూడోది పూశాడు. మూడు అట్టలు. ఇప్పటికీ గడియారం చూసినా అతని బుర్ర నిమిషాలు లెక్కపెట్టదు, అట్టలు లెక్కపెడుతుంది. ఇంతసేపు మాట్లాడకుండా ఉంటుందా, దీని పొగరు, అనుకుంటూ మరో నాలుగు మాటలు అందామని తెర ఎత్తాడు. సూది వేళ్ళలోనే ఉంది. దారం పుస్తకంలోకి వెళ్ళి ఉంది, సాగి, బిగుసుకుని. కట్ట పడలేదు. మనిషి పడింది.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు అడిగాడు, పడి ఎంతసేపయింది అని. ముప్పై ఏళ్ళు కాగితం మూల నలిగితే పట్టుకున్న చెవి, పెళ్ళాం పడితే పట్టుకోలేదని ఎలా చెప్పడం. "తెలీదండీ, అట్టగుడ్డ కొనడానికి బజారుకెళ్ళాను. వచ్చేసరికి పడి ఉంది." అన్నాడు. అంత సులువుగా నోట్లోంచి వచ్చింది. కుర్ర డాక్టరు, ఒక పది నిమిషాలు ముందు తెచ్చి ఉంటే, అని ఆపేశాడు. ఆ వాక్యం ఇప్పటికీ అక్కడే ఆగి ఉంది. తర్వాత మరదలికీ అదే చెప్పాడు, ఇరుగుపొరుగుకూ అదే. పదిమందికి చెప్పేసరికి దానికి కాళ్ళూ చేతులూ వచ్చాయి, బజారులో ఏ దుకాణం, ఏ రంగు గుడ్డ, అన్నీ. అబద్ధానికి అట్ట కూడా తనే వేశాడు, గట్టిగా, వెన్ను విరగకుండా.

"మాట్లాడతానంటోంది," అంది మామ్మ. గొంతు మారలేదు, ముసలి గొంతే, కాస్త తగ్గింది అంతే. డాక్టరు కలం ఆగి, కదిలింది. "బాగున్నానంటోంది. నొప్పి లేదంటోంది. చెల్లెల్ని వేళకి తినమంటోంది." మరదలు కొంగు నోట్లో కుక్కుకుంది. "పెద్దాయన మీద బెంగ అంటోంది. ఆయన లోపల కుమిలిపోతున్నారంటోంది." కుమిలిపోవడం తెలియడానికి ఆత్మ దాకా ఎందుకు, మొహం చూస్తే చాలు. ఇరవై రెండో పుస్తకంలో ఉంది, ఎడమవైపు పేజీ, పైనుంచి నాలుగో పంక్తి. అయినవాళ్ళు పోయిన మనిషితో, నువ్వు ఆ సమయానికి దగ్గర లేవని బాధపడకు, అని చెప్పి చూడండి, పదిమందిలో తొమ్మిదిమంది ఏడుస్తారు. అది రాసినాయన ఎవరో గాని మనుషుల్ని బాగా చదివాడు. అతను పళ్ళు బిగించాడు. పదోవాడు ఒకడుంటాడని కూడా రాయాల్సింది.

"నువ్వు దగ్గర లేవని బాధపడకు అంటోంది. బజారుకెళ్ళావు, అట్టగుడ్డ కోసం వెళ్ళావు, నీకేం తెలుసు, నీ తప్పు లేదు అంటోంది. ఏ కోపమూ లేదు, అంతా క్షమించాను అంటోంది." టక్, అంది బల్ల.

అతని లోపల ఒక్కసారిగా ఎంత తేలికయిందో అతనికే భయం వేసింది. ఎనిమిది నెలలుగా ఛాతీ మీద కూర్చున్నది లేచి పక్కకు జరిగినట్టు. ఇక చాలు కదా. బతికినవాళ్ళు నమ్మారు, ఇప్పుడు చచ్చినదీ నమ్మింది. నువ్వు బజారులోనే ఉన్నావు అని పైలోకం నుంచి ముద్ర వేసి పంపింది. సంతకం పెట్టెయ్యి, మరదలు అన్నం తింటుంది, డాక్టరు పుస్తకం పూర్తవుతుంది, ఆ పుస్తకానికి నువ్వే అట్ట వేస్తావు, కొన్నాళ్ళకు నువ్వూ నమ్ముతావు, నిజంగానే ఆ రోజు బజారులో ఉన్నట్టు, ఎండగా ఉన్నట్టు. ఇంకో ఎనిమిది నెలలకు చప్పుడైనా లేవవు. అక్కడ ఆగింది అతని మనసు. లేవవు. తర్వాత కోపం వచ్చింది, పాదాల నుంచి, చాలా రోజుల తర్వాత, ఆమెతో పోట్లాడేటప్పుడు వచ్చేలాంటి శుభ్రమైన కోపం. ఎవరిది ఈ పెద్దమనసు. ముప్పై ఏళ్ళలో తన ఇంట్లో పర్వాలేదు అన్న మాట ఆమె నోట వినలేదు. పెళ్ళిలో చీర రంగు బాగాలేదన్నాడని పాతికేళ్ళు గుర్తుపెట్టుకుంది. అంతా క్షమించానంటుందా. తెర అవతల పడి ఉండి, నెమ్మదిగా పెట్టవే అని మొగుడు అరవడం విన్నదో లేదో. విని ఉంటే, మూడు అట్టల సేపు నేల మీద ఆ మాట చెవిలో పెట్టుకుని ఉండి ఉంటే, అటువంటి మనిషి వచ్చి బజారు కబుర్లు చెబుతుందా.

చేతులు తీసేశాడు. కుడిపక్క వేలు, ఎడమపక్క వేలు రెండూ గాలిలో మిగిలాయి.

"చెయ్యి తియ్యకూడదు మేస్త్రీ," అన్నాడు డాక్టరు, కలం ఎత్తకుండానే. "గొలుసు తెగిపోతుంది."

"తెగనీండి. వచ్చింది నా ఇంటిది కాదు."

"అదేంటి బావా. బజారు సంగతి, గుడ్డ సంగతి, అన్నీ చెప్పింది కదా."

"చెప్పింది. అందుకే కాదంటున్నా. ఆ బజారు సంగతి నేను నీకు చెప్పాను. నువ్వు మామ్మకు చెప్పావు. దానికి చెప్పినవాడు లేడు. దానికి తెలిసింది వేరే."

మామ్మ కళ్ళు తెరిచింది. "నాకొచ్చింది నేను చెప్పాను నాయనా. కల్పించలేదు."

"మిమ్మల్ని అనడం లేదు మామ్మా. మీరు కబురు మోశారు. ఆ కబురు పుట్టించింది నేను." లేచి వెళ్ళి తెర లాగాడు. వెలుతురు దబ్బున పడింది, ముగ్గురూ కళ్ళు చికిలించారు. మరదలి మొహం వెలుతురులో ఎంత పాతబడిందో చూశాడు. చెప్పకుండా ఉంటే ఈ మొహానికి ఒక మేలు. చెబితే ఉన్న ఒక్క మనిషీ పోవచ్చు. "నేను బజారుకెళ్ళలేదే. ఇంట్లోనే ఉన్నాను. తెర అవతల."

ఆమె అర్థంకానట్టు చూసింది. "ఇంట్లోనా?"

"చప్పుడయింది. విన్నాను. కట్ట దించిందనుకున్నాను. నెమ్మదిగా పెట్టవే అని అరిచాను. అరిచి నా పని నేను చేసుకున్నాను. మూడు అట్టలు."

"మూడు అట్టలంటే ఎంతసేపు బావా?"

"కుర్ర డాక్టరు చెప్పిన పది నిమిషాల కన్నా ఎక్కువే."

మరదలు తన వేళ్ళు చూసుకుంది, బల్ల మీద ఇంకా చాచే ఉన్నాయి. "అయితే ఒంటరిగా పోలేదన్నమాట," అంది. అది ఓదార్పో నిందో అతనికి తెలియలేదు. ఆమెకూ తెలిసినట్టు లేదు. తర్వాత గొంతు గట్టిపడింది. "ఇన్నాళ్ళూ నా చేత అడిగించుకున్నావు. గడపలో కూర్చోబెట్టి ఏడిపించావు. ఇప్పుడు మాత్రం ఎందుకు చెప్పావు? ఆ బజారు మాట మీదే ఉంటే నీ సొమ్మేం పోయేది?"

"దానికి నా మీద కోపం ఉంది. ఆ కోపం దానిది. దాన్ని ఎవరో వచ్చి తుడిచేసి పోతామంటే ఊరుకోను. బల్లే అవనీ, దేవుడే అవనీ."

డాక్టరు కలం పక్కన పెట్టాడు. కోపంగా లేడు, నష్టపోయినవాడిలా ఉన్నాడు. "ఇది నా అధ్యాయానికి పనికిరాదు మేస్త్రీ."

"మీ పాతవాళ్ళు ఆత్మ రాని రోజున రాలేదని రాసుకున్నారు డాక్టరుగారూ. నేనే కుట్టించాను ఆ పేజీ." కాగితం తన వైపు తిప్పుకున్నాడు. కలం అడక్కుండానే తీసుకున్నాడు. నా భార్యేనని గుర్తుపట్టాను అన్నదాన్ని అడ్డంగా కొట్టేశాడు, ఒక్క గీత, తిన్నగా, గుడ్డ కోసినట్టు. కింద సంతకానికి వదిలిన చోట్లో ఊరి బడి అక్షరాలతో, పెద్దవిగా, గుండ్రంగా, రాశాడు. ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. చప్పుడు విన్నాను. వెళ్ళలేదు. చోటు సరిపోయింది. పక్కకు ఇరికించి సంతకం పెట్టాడు. "పెట్టుకుంటే పెట్టుకోండి. పారేస్తే పారెయ్యండి. ముప్పై రెండోది సగం కుట్టి ఉంది, సూది అందులోనే ఉంది. తలకిందులు ఫారంతో సహా అలాగే ఉంటుంది. అది మాత్రం ఇవ్వను."

ఎవరూ ఆపలేదు. మామ్మ ఒక్కతే, వినపడీ వినపడనట్టు, "పాపం" అంది. ఎవరిని అందో. మెట్లు చీకటిగా ఉన్నాయి, వెలుతురు చూసిన కళ్ళకు మరీను. గోడ పట్టుకుని దిగాడు. ఛాతీ మీద నుంచి జరిగినది మళ్ళీ వచ్చి కూర్చుంది, తన చోట్లో తను, బరువు ఏమీ తగ్గకుండా. కూర్చోవే అనుకున్నాడు. నెమ్మదిగా కూర్చోనక్కర్లేదు. రేపటి నుంచి మరదలు గడపలోకి రాకపోవచ్చు. డాక్టరు పని ఇవ్వకపోవచ్చు. వీధిలో ఈ సాయంత్రానికే తెలుస్తుంది, ముసలాడు తెర అవతలే ఉన్నాడట అని. తెలియనీ. ఆఖరి మెట్టు దిగి గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఉండగా పైన ధబ్‌మని చప్పుడయింది.

ఈసారి చెవి పొరపాటు పడలేదు. పుస్తకం. నాలుగు వందల పేజీలు, దళసరి అట్ట, కొత్తగా బిగించిన వెన్ను, నేల మీద బోర్లా పడింది. డాక్టరు విసిరాడో, మరదలి చెయ్యి తగిలి జారిందో. పుస్తకమేనని తెలుసు, ఏ అలమారులోంచి పడిందో కూడా చెప్పగలడు. ఒక చెప్పు వేసుకున్నాడు, ఒకటి వేసుకోలేదు. కింద నుంచి అరిచి అడగవచ్చు, ఏం పడిందని. నోరు తెరవలేదు. వేసుకున్న చెప్పు విడిచి, గోడ పట్టుకుని, పుస్తకమేనని తెలిసి తెలిసి, మళ్ళీ మెట్లెక్కాడు.